తుపాకీతోనా, ఓటుతోనా? పోర్చుగల్ 1910, స్పెయిన్ 1931

పక్కపక్క దేశాలు. ఇరవై ఒక్కేళ్ల తేడాలో రెండూ రాజును సాగనంపాయి, దారులు మాత్రం వేరు.

మొదలు: లిస్బన్‌లో 1910 అక్టోబర్ 3 రాత్రి మొదలైన సాయుధ తిరుగుబాటు. స్పెయిన్‌లో 1931 ఏప్రిల్ 12న మున్సిపల్ ఎన్నికలు. పేరుకే మున్సిపల్, జనం తేల్చింది రాజు సంగతి.

ఖర్చు: లిస్బన్ వీధుల్లో రక్తం పారింది, తిరుగుబాటుదారుల యుద్ధనౌకలు రాజభవనం మీదే గుండ్లు పేల్చాయి. స్పెయిన్‌లో ఎన్నికల నుంచి రాజు వెళ్లిపోయేదాకా దాదాపు ప్రశాంతమే.

రిస్క్: పోర్చుగల్‌ది మరీ టెన్షన్. అంతా చెడిపోయిందనుకుని తిరుగుబాటు నాయకుడు అడ్మిరల్ రీస్ ఆత్మహత్య చేసుకున్నాడు. లిస్బన్‌లోని రొటుండా కూడలిలో మరో తిరుగుబాటు నేత మషాడో సాంటోస్ కొద్దిమందితోనే పట్టు వదల్లేదు. 5వ తేదీ పొద్దున విదేశీయుల్ని తరలించడానికి జర్మన్ దౌత్యవేత్త తెల్లజెండాతో బయల్దేరితే, రాజసైన్యం లొంగిపోయిందనుకుని జనం వీధుల్లోకి వచ్చేశారు! ఆ పొరపాటే తిరుగుబాటుదారులకు కలిసొచ్చింది.

స్పెయిన్‌లో పల్లెలు రాజు వైపే ఉన్నాయి, పెద్ద పట్టణాలు చేజారాయి. సివిల్ గార్డ్ (సాయుధ పోలీసు దళం) అధిపతి సాన్‌హుర్హో కూడా అండగా నిలవకపోవడంతో 14న రాజు అల్ఫోన్సో మాడ్రిడ్ వదిలాడు.

తర్వాత: పోర్చుగల్ రిపబ్లిక్ 1926 సైనిక కుట్రదాకా నడిచింది. స్పెయిన్‌లో అయిదేళ్లకే అంతర్యుద్ధం.

నా లెక్కలో, ఓటుకు విలువ లేక, సైన్యంలో చీలిక ఉన్నచోట పోర్చుగల్ దారి. ఎన్నికలు నిజంగా జరిగి, పోలీసులు రాజు కోసం తుపాకీ ఎత్తనిచోట స్పెయిన్ దారి.