బ్లాక్ స్వాన్ డిస్క్ కొంటున్నారా? అట్ట వెనక స్టిక్కరు పీకి చూడండి

వైజాగ్‌లో పిల్లలకి డాన్స్ నేర్పిస్తున్న అమ్మానాన్నలూ, దయచేసి ఇది చదవండి. పోయిన నెల జగదాంబ వైపు పాత సినిమా డిస్కులు అమ్మే ఒక షాపులో బ్లాక్ స్వాన్ బ్లూ-రే కొన్నాను, 850 రూపాయలు. డబ్బు పోతే పోయింది, పన్నెండేళ్ల మా పాప దానివల్ల నాలుగు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు.

పాప కూచిపూడి నేర్చుకుంటోంది, పళ్లెం మీద తరంగం ఈమధ్యే మొదలుపెట్టింది. వేరే దేశాల నాట్యం కూడా చూపిద్దామని అడిగితే షాపాయన "బ్యాలే సినిమా మేడమ్, హీరోయిన్‌కి ఆస్కార్ వచ్చింది, డాన్స్ పిల్లలు చూడాల్సిందే" అన్నాడు. ఆస్కార్ మాట నిజమే. 2010లో వచ్చిన ఈ సినిమాకి నటాలీ పోర్ట్‌మన్ ఉత్తమ నటి అవార్డు తీసుకుంది. ఇంకేం ఆలోచించలేదు, కొనేశాను.

ఇంట్లో మా ప్లేయర్‌లో పెడితే ఆడలేదు. డిస్క్ మీద చిన్న గీత కూడా లేదు. సరే అని ఆదివారం సీతమ్మధారలో మా అన్నయ్య వాళ్లింటికి తీసుకెళ్లాం, వాడు అమెరికా నుంచి తెచ్చుకున్న ప్లేయర్‌లో చక్కగా ఆడింది. అందరం కూర్చున్నాం.

చైకోవ్‌స్కీ సంగీతంతో 1877లో మాస్కోలో మొదట ఆడిన స్వాన్ లేక్ బ్యాలే చుట్టూ నడిచే కథ ఇది. తెల్ల హంస, నల్ల హంస, రెండు వేషాలూ ఒకే నర్తకి వేయాలి. న్యూయార్క్‌లో నీనా అనే అమ్మాయికి ఆ అవకాశం వస్తుంది, తెల్ల హంసకి సరిపోయావు గానీ నల్ల హంసకి చాలవు అని డైరెక్టర్ నలిపేస్తుంటాడు, తను అందుకోలేకపోయినది కూతురితో సాధించాలని తల్లి ఊపిరాడనివ్వదు, ఆ ఒత్తిడికి పిల్ల మనసు చెదిరిపోతుంది. నిజం చెప్పాలంటే గొప్ప సినిమా, నేను తర్వాత ఒక్కదాన్నే పూర్తిగా చూశాను, తల్లిగా చాలా భయమేసింది కూడా. కానీ ఇది పెద్దవాళ్ల సినిమా. రక్తం, భ్రమలు, పిల్లలతో కూర్చుని చూడలేని సీన్లు. నీనా వేలి పక్కన ఊడిన చర్మం పట్టుకుని లాగితే అది అలా పైదాకా లేచొచ్చే సీను ఉంది, మా పాప దగ్గర ఉన్న దిండు ముఖానికి అడ్డం పెట్టేసుకుంది. వెంటనే ఆపేశాం. ఆ రాత్రి మంచం మీద కూర్చుని తన కాలివేళ్లు ఒక్కొక్కటీ విడదీసి చూసుకుంటూ "అమ్మా, బాగా చేయాలంటే నాక్కూడా ఇలాగే అవుతుందా?" అంది. ఏం చెప్పాలో తెలీలేదు.

మర్నాడు అట్ట వెనక్కి తిప్పి చూశాను. కింద మూలన ధర స్టిక్కరు. గోటితో మెల్లగా పీకితే దాని కింద రెండు గుర్తులు బయటపడ్డాయి: ఆర్ రేటింగ్, రీజియన్ ఏ. ఆర్ అంటే అమెరికాలో 17 ఏళ్లలోపు పిల్లల్ని పెద్దవాళ్లు తోడు లేకుండా హాల్లోకి రానివ్వరు. రీజియన్ ఏ అంటే అమెరికా ప్లేయర్ల కోసం చేసింది, మన దేశానిది రీజియన్ సీ, అందుకే మా ఇంట్లో ఆడలేదు. అట్ట వెనక అంత జాగా ఉండగా స్టిక్కరు సరిగ్గా ఆ రెండింటి మీదే ఎలా పడిందండీ?

తీసుకెళ్లి అడిగితే "సీల్ తీశాక రిటర్న్ లేదు" అన్నాడు. బిల్లు ఇవ్వలేదు, నేనూ అడగలేదు, అదే పెద్ద తప్పు. బయటి డిస్క్ ఏది కొన్నా స్టిక్కరు అక్కడే తీయించి రేటింగ్, రీజియన్ చూడండి, మీ ప్లేయర్‌లో ఆడకపోతే వెనక్కి తీసుకుంటానని బిల్లు మీద రాయించుకోండి. ఆన్‌లైన్‌లో అయితే అట్ట వెనక ఫొటో పంపమనండి, పంపకపోతే కొనొద్దు. పిల్లలకి చూపించే ముందు మీరు ఒకసారి మొత్తం చూడండి, 108 నిమిషాలే.

ఫోన్‌పేలో కట్టిన రుజువు, స్టిక్కరు ఫొటోలు పెట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేశాను. ఇంకా జవాబు రాలేదు. పాప మాత్రం నిన్న మళ్లీ గజ్జెలు కట్టుకుంది.