మొహావీ రోడ్డు: నాలుగు బళ్ళు, ఒక ఛానల్, మూడు రోజులు

థాంక్స్‌గివింగ్ సెలవుల్లో మేం నాలుగు కుటుంబాలవాళ్ళం, పిల్లలతో కలిపి పదమూడు మందిమి, కాలిఫోర్నియాలో మొహావీ రోడ్డు మీద వెళ్ళొచ్చాం. వచ్చిన దగ్గర్నుంచీ తెలిసినవాళ్ళు అడుగుతున్నారు: రాత్రిళ్ళు ఎక్కడ ఉన్నారు, ఎలాంటి బండి కావాలి, బండికీ బండికీ మధ్య మాట్లాడుకునే రేడియోలు అసలు అంత అవసరమా అని. మొదటి రెండింటికీ జవాబు చిన్నదే. మూడోది మాత్రం కాస్త వివరంగా చెప్పాలి.

రోడ్డు అన్నమాటేగానీ తారు అన్నది ఉండదు. నెవాడా రాష్ట్రంలోని లాఫ్లిన్ ఊరి దగ్గర కొలరాడో నది ఒడ్డున మొదలై పడమటికి సుమారు 140 మైళ్ళు ఇసుకలో, గులకరాళ్ళలో, ఎండిపోయిన వాగుల అడుగున సాగే బాట ఇది. నీటి ఊటల్ని పట్టుకుని మొహావీ జాతివాళ్ళు నడిచిన దారి. తర్వాత సైన్యం బళ్ళు నడిచాయి. 1857లో ఒంటెల్ని కూడా ఈ వైపు తోలుకెళ్ళారు. చాలా భాగం మొహావీ నేషనల్ ప్రిజర్వ్ అనే రక్షిత ప్రాంతంలోంచి పోతుంది. లోపలికి వెళ్ళడానికి రుసుము లేదు. అలాగే లోపల గ్యాస్ (పెట్రోల్) బంకూ లేదు, బాట మీద చాలాచోట్ల ఫోన్‌కు సిగ్నల్ కూడా ఉండదు. మేం నాలుగు బళ్ళతోనే సరిపెట్టుకున్నాం. అంతకంటే పెద్ద గుంపుగా వెళ్ళాలంటే ముందే ప్రిజర్వ్ ఆఫీసులో అనుమతి సంగతి అడిగి తెలుసుకోండి.

బళ్ళ విషయం త్వరగా చెప్పేస్తాను. నేల నుంచి ఎత్తుగా ఉండే ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉండాల్సిందే. ఇసుక మొదలవగానే టైర్లలో గాలి 20 పీఎస్ఐ దాకా తగ్గించాం. మళ్ళీ నింపుకోవడానికి రెండు కంప్రెసర్లు పెట్టుకున్నాం. అద్దె బండి తీసుకునేవాళ్ళు ఒప్పందం పూర్తిగా చదవండి, మామూలు కంపెనీల్లో చాలావరకు మట్టి రోడ్డు ఎక్కిస్తే బీమా వర్తించదు. మనిషికి రోజుకు గ్యాలన్ నీళ్ళు అంటారు. మేం ఒకటిన్నర లెక్కన పట్టుకెళ్ళాం, అది మంచిదైంది.

ఇక రేడియోలు. అమెరికాలో మామూలు కుటుంబాలకు అందుబాటులో ఉన్నవాటిలో మేం వాడినవి రెండు రకాలు. ఎఫ్ఆర్ఎస్ (ఫ్యామిలీ రేడియో సర్వీస్)కు లైసెన్సు అక్కర్లేదు, గరిష్ఠంగా 2 వాట్లు. జీఎంఆర్ఎస్ (జనరల్ మొబైల్ రేడియో సర్వీస్)కు లైసెన్సు కావాలి. పరీక్ష లేదు, 35 డాలర్లు, పదేళ్ళు పనిచేస్తుంది, ఇంట్లోవాళ్ళందరికీ అదే చాలు. స్నేహితుడి కుటుంబానికి మాత్రం వర్తించదు, వాళ్ళది వాళ్ళు తీసుకోవాలి. బండిలో బిగించే జీఎంఆర్ఎస్ సెట్లు కొన్ని ఛానళ్ళలో 50 వాట్ల దాకా ఉండొచ్చు. రెండు రకాలకూ ఉమ్మడిగా 22 ఛానళ్ళు ఉన్నాయి కాబట్టి ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలవు. తెలుగులో నిక్షేపంగా మాట్లాడుకోవచ్చు. కాకపోతే జీఎంఆర్ఎస్‌లో పావుగంటకోసారి, మాటలు ముగించేటప్పుడూ మన కాల్ సైన్ (లైసెన్సుతో పాటు ఇచ్చే గుర్తు) ఇంగ్లీషులో చెప్పాలి. మా పెద్దమ్మాయి ఆ పని తనదేనంది, మూడు రోజులూ గడియారం చూసి మరీ చెప్పింది.

భీమవరం బావగారి బండికి 20 వాట్ల సెట్టు, పైకప్పు మీద అయస్కాంతంతో అంటుకునే యాంటెన్నా. మాకూ నెల్లూరు అన్నవాళ్ళకూ 5 వాట్ల చేతి సెట్లు. నెల్లూరు అన్న లైసెన్సు దరఖాస్తు చేశారు, చేతికి వచ్చింది బయల్దేరే ముందురోజే. అందుకే మీరు నెల ముందే చేసుకోండి. ఖమ్మం తమ్ముడు దుకాణంలో జతగా దొరికే చిన్న ఎఫ్ఆర్ఎస్ సెట్లు తెచ్చుకున్నాడు. ఛానల్ 18 అనుకున్నాం. ఇంటి ముందు ఒకసారి నొక్కి చూసుకున్నాం, పలికాయి, సరే అనుకున్నాం.

శుక్రవారం రాత్రి లాఫ్లిన్‌లో నది పక్కన హోటల్లో దిగాం. నీడిల్స్ ఊరు ప్రశాంతంగా ఉంటుందంటారుగానీ, పొద్దున్నే బాట ఎక్కాలంటే లాఫ్లినే దగ్గర. గదికి చెప్పిన ధర మీద అదనంగా రిసార్ట్ ఫీజు పడుతుంది, అది కలుపుకునే లెక్క చూసుకోండి. మేం దిగిన చోట బుక్ చేసిన గదులు సిద్ధంగా లేక పసిపిల్లలతో గంటన్నర లాబీలో కూర్చోబెట్టారు. గదులైతే శుభ్రంగానే ఉన్నాయి, నది వైపు కిటికీ బాగుంది. వదిన తెచ్చిన ఇడ్లీలు, కారప్పొడి తిని పొద్దున ఎనిమిదికి బాట ఎక్కాం.

మొదటి గంటలోనే ఒక పాఠం నేర్చుకున్నాం. బావగారు ముందు బండి. ఆయన గోదావరి మాట, "ఎదర గుంత ఉందండీ" అన్నారు. గరగర మధ్య నెల్లూరు అన్నకు అది "ఎడమ గుంత" అని వినపడింది. ఆయన కుడికి కోసి సరిగ్గా గుంతలోనే దించారు. కింద రేకు రాయికి గీరుకుంది, అంతకుమించి ఏమీ కాలేదు. అక్కడే బండ్లాపి మాటలు ఖాయం చేసుకున్నాం: దారిలో ఏమున్నా "ముందు" అనాలి, పక్కలకు "లెఫ్ట్", "రైట్". ఎదర అన్న మాట రేడియోలో వాడకూడదు. బావగారికి ఆ మాట నోట్లోంచి పోవడానికి సాయంత్రమైంది.

ప్యూట్ కొండలు దాటాక ల్యాన్‌ఫెయిర్ లోయ. జాషువా చెట్లు బారులు బారులుగా, చేతులెత్తి నిలబడ్డట్టు ఉంటాయి. ఉత్తరాన న్యూయార్క్ అనే పేరున్న కొండల వైపు 2023 జులైలో వచ్చిన యార్క్ కార్చిచ్చు 90 వేల ఎకరాలకు పైగా కాల్చేసింది. ఈ లోయలో వందేళ్ళ కిందట సేద్యానికి వచ్చి వదిలేసి పోయినవాళ్ళ బాటలు అడ్డదిడ్డంగా ఉన్నాయి, ప్రతి అర మైలుకూ ఒక చీలిక. పైగా దుమ్ము. ముందు బండి దుమ్ము మింగకుండా ఉండాలంటే వెనకబడాలి, వెనకబడితే ముందు బండి కనపడదు. రేడియో ఎందుకంటే ఇందుకే.

మధ్యాహ్నం రెండున్నరకు చివరి బండిలోంచి ఖమ్మం తమ్ముడి గొంతు: "అన్నా, ఒక్క నిమిషం ఆగుతున్నం. బాబుకు వాంతులైతున్నయ్."

"ఆగాం, నెమ్మదిగా రండి" అన్నాను.

"అన్నా, ఇనబడుతుందా? ఆగినం ఇక్కడ."

"వినపడుతోంది, మేమూ ఆగాం."

"ఎవరన్నా ఉన్నరా?"

ఆయన మాట మాకు పక్కనే కూర్చుని మాట్లాడినంత స్పష్టంగా వస్తోంది. మా మాట ఆయనకు చేరడం లేదు. నేను, నెల్లూరు అన్న, బావగారు ముగ్గురం వంతులవారీగా పిలిచాం. నాలుగోసారి పిలిచి తమ్ముడు ఆగిపోయాడు. ఛానలే తప్పేమోనని వేరేదానికి మార్చాడని తర్వాత తెలిసింది. అప్పటికి మేం ఒక చీలిక దాటి ఆగి ఉన్నాం. బాబు తేరుకున్నాక తమ్ముడు బయల్దేరి, వెడల్పుగా కనపడిన బాట పట్టుకుని దక్షిణానికి వెళ్ళిపోయాడు.

నవంబరు చివర్లో అక్కడ నాలుగున్నరకల్లా పొద్దు గూకుతుంది. వెనక్కి వెళ్ళి చూస్తే ఆగిన చోట టైర్ల గుర్తులున్నాయి, బండి లేదు. మా ఆవిడ ఏమీ మాట్లాడకుండా నీళ్ళ డబ్బాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తమ్ముడి బండిలో ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకుంటోందని నాకర్థమైంది. బావగారు బండిని ఒక మిట్ట మీదికెక్కించి, సెట్టును స్కాన్‌లో పెట్టారు. ఛానళ్ళ అంకెలు ఒక్కొక్కటే తిరుగుతున్నాయి. 22 దగ్గర ఆగింది. మరదలి గొంతు. గాభరా లేదు, వార్తలు చదువుతున్నట్టు ఉంది: "మేం ఆగి ఉన్నం. ఎడమ పక్కన పాత గాలిమర, దాని కింద ఇనుప నీళ్ళతొట్టి, తొట్టి మీద తెల్లరంగు గీత. ఇక్కడ్నించి కదలం." ఒక నిమిషం ఆగి, మళ్ళీ అదే మాట. ఎవరికీ వినపడట్లేదనుకుంటూనే ఆమె ఇరవై నిమిషాలపాటు అలా చెబుతూనే ఉంది.

ఆ గాలిమరను మిట్ట మీంచి దుర్భిణిలో పట్టుకున్నాం. చేరేసరికి నాలుగూ పది.

తమ్ముడి సెట్టు తీసి చూస్తే ఛానల్ అంకె పక్కన, గోరంత సైజులో, ఇంకో అంకె వెలుగుతోంది: 17. ప్రైవసీ కోడ్ అంటారు దాన్ని. పేరు చూసి మన మాటలు ఎవరికీ వినపడకుండా దాస్తుందనుకుంటాం. దాచదు. ఆ కోడ్ పెట్టిన సెట్టు అదే కోడ్‌తో వచ్చే మాటల్నే స్పీకర్లోకి వదులుతుంది, మిగతావన్నీ ఆపేస్తుంది. మాకెవరికీ కోడ్ లేదు కాబట్టి ఆయన మాటలు మాకు వచ్చాయి, మావి ఆయనకు రాలేదు. బాబు ఆడుకుంటూ మెనూ బటన్ నొక్కాడు, అంతే జరిగింది. కోడ్ సున్నా చేసి, బటన్ల తాళం వేశాం.

ఆ రాత్రి నిప్పు చుట్టూ కూర్చుని నిబంధనలు రాసుకున్నాం. వాటిని చివరిదాకా పాటించాం కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. అందరికంటే మంచి సెట్టు చివరి బండికి ఇవ్వాలి. ముందువాడికి ఇవ్వడం అలవాటుగా చేస్తారుగానీ, ఆపద వచ్చేది వెనకవాడికే. ప్రతి చీలిక దగ్గర, వెనక బండి కళ్ళబడేదాకా ముందు బండి కదలకూడదు. జవాబు రాకపోతే ఛానల్ మార్చకూడదు, బండి కదపకూడదు. వినపడకపోయినా ఉన్న చోటు ఆనవాళ్ళు చెబుతూనే ఉండాలి. పొద్దున్న బయల్దేరే ముందు ఒక్కొక్కరూ పలకాలి, జవాబు వినాలి. మేం ఇంటి ముందు పలకడమే చూసుకున్నాం, వినడం చూసుకోలేదు. చేతి సెట్టు బండి లోపల పట్టుకుని మాట్లాడితే ఇనుప బాడీ అడ్డం, మాకు మైలు రెండు మైళ్ళకే తెగిపోయింది. బయటి యాంటెన్నా పెట్టుకుంటే అదే సెట్టు రెట్టింపు దూరం పలికింది. డబ్బా మీద రాసిన 35 మైళ్ళు మర్చిపోండి, మధ్యలో కొండ అడ్డం వచ్చిందంటే మాట ఆగినట్టే. ఎనిమిది వేల డాలర్లు పెట్టి బండికి లైట్లు, సామాన్ల రాక్‌లు బిగించుకునేవాళ్ళు ఒక యాంటెన్నా దగ్గర వెనకాడడం నాకు బాధగా ఉంటుంది.

ఆ రాత్రి బస రాక్ స్ప్రింగ్ దగ్గర ఖాళీ చోట వేద్దామనుకున్నాం, చీకటిపడడంతో మిడ్ హిల్స్ క్యాంప్‌గ్రౌండ్‌కు వెళ్ళాం. ముందుగా వచ్చినవాళ్ళకే చోటు, అదృష్టం కొద్దీ రెండు మిగిలాయి. బల్లలు, నిప్పు గుండాలు, గుంట మరుగుదొడ్లు ఉన్నాయి. 5,600 అడుగుల ఎత్తు, చలి ఎముకలు కొరికింది. పసిపిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే మొదటి రాత్రికి ఇదే మేలు అంటాను. కట్టెలు బయటినుంచి తెచ్చుకోవాలి, అక్కడివి ఏరకూడదు.

రెండో రోజు మార్ల్ స్ప్రింగ్స్ మీదుగా, ఎడారి నడుమ నిలబెట్టిన తపాలా పెట్టె దగ్గరికి చేరాం. అందులో నోటు పుస్తకం ఉంటుంది, పిల్లలు తెలుగులో పేర్లు రాశారు. వెనక జనం వదిలిన కప్ప బొమ్మల గుట్ట. మా చిన్నది అక్కణ్ణుంచి కదలనంది. ఆ రాత్రి విల్లో వాష్ ప్రాంతంలో, ఇదివరకు వాడిన చోటే చూసుకుని టెంట్లు వేశాం. మరుగుదొడ్డి లేదు, గాలికి రెండు టెంట్లు ఒరిగిపోయాయి. అయినా ఆ నక్షత్రాల కింద పులిహోర తిన్న రాత్రి కోసం నేను మళ్ళీ వెళ్తాను. చీకట్లో పక్క టెంట్లోంచి రేడియోలో తమ్ముడు "ఇనబడుతుందా అన్నా?" అన్నాడు, మిగతా టెంట్లన్నీ ఒకేసారి జవాబు చెప్పాయి.

మూడో రోజు సోడా సరస్సు. నీళ్ళుండవు, ఉప్పు పొర ఉంటుంది. పది రోజుల కిందట వాన పడిందని విన్నాం. దిగి నడిచి చూశాను. పైన పెళుసుగా, ఎండినట్టే ఉంది, మడమ తొక్కితే కింద బురద. బండి దిగబడితే లాగే బండి కూడా దిగబడే నేల అది. నెల్లూరు అన్న కాసేపు వాదించారు, ఆ తర్వాత ఆయనే ముందుగా బండి తిప్పారు. కెల్‌బేకర్ రోడ్డు పట్టుకుని బేకర్ చేరాం. అక్కడ గ్యాస్ ఖరీదు ఎక్కువ, అయినా ట్యాంకు అడుగంటినవాడికి వేరే దారి లేదు. బాటలో సోడా సరస్సు దాటాక వచ్చే ఆఫ్టన్ లోయ ఈసారి చూడలేదు.

ఇండియాకు వెళ్ళేవాళ్ళకు ఒక మాట. ఈ జీఎంఆర్ఎస్ సెట్లు సంక్రాంతికి సూట్‌కేసులో పెట్టుకెళ్ళకండి. అక్కడ లైసెన్సు లేకుండా వాడుకోగలిగేవి 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే, అనుమతి పొందిన తక్కువ శక్తి సెట్లే. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాలకు ప్రభుత్వ అనుమతి కావాలి, తెలియక తీసుకెళ్ళి విమానాశ్రయాల్లో పట్టుబడినవాళ్ళున్నారు. మారేడుమిల్లి వైపో, శ్రీశైలం అడవుల వైపో గుంపుగా వెళ్ళేవాళ్ళు ఇది తెలుసుకుని కొనండి.

సోడా సరస్సు నడుమ బాటసారుల స్మారకం ఉంది. అటుగా వచ్చేవాళ్ళంతా ఒక రాయి తెచ్చి ఆ గుట్ట మీద పెట్టిపోతారు. మా పిల్లలు ప్యూట్ దగ్గర ఏరిన రాయి ఇంకా బండిలోనే ఉంది, రేడియో పక్కన. వానలు లేకపోతే ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్తున్నాం. ఖమ్మం తమ్ముడు లైసెన్సు తీసుకున్నాడు, పైకప్పుకు యాంటెన్నా బిగించుకున్నాడు. ఈసారి కూడా చివరి బండి తనదేనంటున్నాడు, మైకు మాత్రం మరదలి చేతిలో ఉంటుంది.