క్యాంపస్‌లో అద్దెకు స్టీలు పళ్ళాలు: మూడేళ్ళ వాడకం తర్వాత

గత కార్తీక మాసంలో మా విభాగం పరిశోధక విద్యార్థులమంతా కలిసి ప్రాంగణంలోని ఉసిరి చెట్ల కింద వనభోజనం పెట్టుకున్నప్పుడు, 120 మందికి పళ్ళాలు, గ్లాసులు సమకూర్చే పని నా మీద పడింది. హనుమకొండ చౌరస్తాకు వెళ్ళి వెండిరంగు కాగితపు పళ్ళాల కట్టలు తెచ్చుకుంటే అరగంటలో తీరిపోయే పని అది. నేను మాత్రం మూడేళ్ళుగా అలవాటైన దారిలో, మా విశ్వవిద్యాలయం హాస్టల్ మెస్ వెనుక నడుపుతున్న స్టీలు పళ్ళాల బ్యాంకుకే వెళ్ళాను. ఇప్పటికి ఏడు సార్లు ఈ సేవను వాడుకున్నాను కనుక, దాని మంచిచెడ్డలను కొంచెం వివరంగా రాయవచ్చుననుకుంటున్నాను. కింద ఫిర్యాదులు కూడా ఉన్నందున, వరంగల్ నగర పరిధిలోని ఈ విశ్వవిద్యాలయం పేరు మాత్రం రాయడం లేదు.

ఆలోచన కొత్తదేమీ కాదు. సిద్దిపేటలో మహిళా సంఘాల ఆధ్వర్యంలో స్టీలు బ్యాంకులు నడిచిన సంగతి మన వైపు చాలామందికి తెలుసు. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళాలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు నిషేధంలోకి వెళ్ళిన తర్వాత, వాటి స్థానాన్ని చాలావరకు కాగితపు పళ్ళెం ఆక్రమించింది. పేరుకు కాగితమే అయినా, పులుసు కారకుండా దాని లోపలి వైపు పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. అది మట్టిలో కలవదు, పాత కాగితాలవాళ్ళూ తీసుకోరు. మా నాయనమ్మ కాలంలో ఏ దావత్ జరిగినా మోదుగాకులను పుల్లలతో కుట్టిన ఇస్తార్లలోనే వడ్డించేవారు, తిన్నాక వాటిని పెంటకుప్ప మీద వేస్తే వానాకాలం దాటేసరికి ఆనవాలు కూడా మిగిలేది కాదు. ఇప్పుడు ఉన్నపళంగా 120 ఇస్తార్లు కావాలంటే నగరంలో దొరకడం కష్టం కాబట్టి, స్టీలు పళ్ళెమే దగ్గరి దారి.

పళ్ళెం, గ్లాసు, చెంచా కలిపి ఒక్కొక్కరికి 3 రూపాయల అద్దె తీసుకుంటారు. కడిగే పని కూడా వాళ్ళకే అప్పగిస్తే మరో 2 రూపాయలు. 2,000 రూపాయల డిపాజిట్ కట్టి, రిజిస్టరులో సంతకం చేసి, మెస్ సరుకులు మోసే ట్రాలీ రిక్షాలో క్రేట్లు వేసుకుని పోవడమే. కాగితపు పళ్ళాలకూ దీనికీ ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా లేదు, శ్రమలో మాత్రం ఉంది. పళ్ళాలు మందంగా, అంచు చేతికి కోసుకోకుండా మడత పెట్టి ఉన్నాయి, పులిహోరతో పాటు పప్పుచారు వడ్డించినా ఒకదాంట్లో ఒకటి కలవకుండా మూడు గుంటలున్నాయి. గ్లాసులు మాత్రం ఒకే కొలతవి కావు. ఒకదానిలో ఒకటి ఇరుక్కుపోయిన రెండు గ్లాసులను విడదీయడానికి మా జూనియర్ ఒకడు పావుగంట కుస్తీ పట్టాడు.

స్టీలు పళ్ళాలు వాడేవాళ్ళకు ఎదురయ్యే మొదటి ప్రశ్న నీళ్ళ గురించి. వరంగల్‌లో ఎండాకాలం ట్యాంకరు కోసం ఎదురుచూసిన ఎవరైనా ఆ ప్రశ్న వేయవలసిందే కనుక, ఈసారి కడిగేటప్పుడు దగ్గరే నిలబడి చూశాను. కుళాయి కింద పెట్టి ఒక్కొక్కటీ కడగడం అక్కడ లేదు. మొదట మెతుకులను చేత్తో బకెట్లోకి తుడిచేస్తారు, తర్వాత సబ్బునీళ్ళ తొట్టి, ఆ తర్వాత వరసగా రెండు మంచినీళ్ళ తొట్లు. రెండో తొట్టిలో నీళ్ళు మసకబారగానే వాటిని సబ్బు తొట్టిలోకి మార్చి, అక్కడ కొత్త నీళ్ళు నింపుతారు. మొత్తం 120 జతలకు 200 లీటర్ల డ్రమ్ములు ఒకటిన్నర ఖర్చయ్యాయి, అంటే ఒక్కో జతకు రెండున్నర లీటర్లు. అది కూడా మేము సరిగ్గా తుడవకుండా ఇచ్చినందువల్ల ఎక్కువైందట. పనిచేసే అక్క ఆ మాట మొహం మీదే అనేసింది: "మెతుకులు తుడ్వకుంట తెచ్చిస్తిరి సారూ, ఇగ నీళ్ళెట్ల సరిపోతయి?" ఆ నీళ్ళు వృథా కూడా కావు. కంకర, ఇసుక పోసిన చిన్న కాలువ గుండా మెస్ పక్కనున్న అరటి, మెట్టతామర మడిలోకి వెళ్తాయి. ఆ కాలువకు ముందు జిడ్డు ఆగడానికి కట్టిన తొట్టిని వేళకు ఎత్తిపోయకపోతే ఏప్రిల్ ఎండకు అటువైపు నిలబడలేనంత వాసన వస్తుంది, గత ఎండాకాలం అదే జరిగింది.

ఇక్కడే ఈ ప్రాంగణంలోని మరో ఏర్పాటు, వాననీటి ఇంకుడు గుంత, గురించి చెప్పాలి. వెయ్యి చదరపు మీటర్ల పైకప్పు మీద 1 మిల్లీమీటరు వాన పడితే వెయ్యి లీటర్ల నీళ్ళు వస్తాయి. మన ప్రాంతంలో సాధారణంగా ఏడాదికి 900 మిల్లీమీటర్లకు తక్కువ కాకుండా కురుస్తుంది కనుక, ఆవిరై, పొర్లిపోయిన దాన్ని తీసేసినా అలాంటి ఒక్క కప్పు నుంచే ఏడు లక్షల లీటర్లు భూమిలోకి దించవచ్చు. ఆ లెక్కన చూస్తే పళ్ళాలు కడిగిన 300 లీటర్ల గురించి వాదించుకోవడం నవ్వులాటే. మెస్ భవనానికి ఇంకుడు గుంత తవ్వారు, పైకప్పు నుంచి గొట్టాలు కూడా దించారు. అయితే హనుమకొండ కాలనీలు మునిగిన 2023 జూలై వానలకు అందులోకి చేరిన ఒండ్రును ఇప్పటిదాకా తీయలేదు, ఇసుక మార్చలేదు. దాని పక్కన ఉన్న బోర్డుకు మాత్రం నిరుడు రంగు వేశారు. ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ సంస్థకు వాననీటి సంరక్షణ, వ్యర్థాల నిర్వహణ, ప్రత్యామ్నాయ ఇంధనం వంటి వాటికి ఆధారాలు చూపవలసి ఉంటుందన్నది తెలిసిన విషయమే కనుక, ఫొటోలో పడే బోర్డుకు దక్కిన శ్రద్ధ ఫొటోలో కనబడని ఇసుకకు ఎందుకు దక్కలేదో ఊహించడం కష్టం కాదు.

జిడ్డు వదలడానికి వేడినీళ్ళ కోసం మెస్ మీద పెట్టిన సోలార్ హీటర్ కథ ఇంకా చిన్నది. గాజు గొట్టాల మీద కోతులు గంతులేశాయి, గొట్టాలు పగిలాయి. ఓరుగల్లులో ఇంటి మీద నీళ్ళ ట్యాంకు మూతకే తాడు కట్టుకునే మనకు, ఈ సంగతి టెండరు వేసిన వారికి తట్టకపోవడమే ఆశ్చర్యం.

బకెట్లలోకి తుడిచిన మెతుకులు ఎక్కడికి పోతాయని అడిగితే, మెస్ వెనుక రేకుల షెడ్డులోని ఎరువు గుంతలు చూపించారు. నా మటుకు ఈ ప్రాంగణంలో అన్నిటికన్నా నమ్మకంగా నడుస్తున్నది ఇదే. అన్నం, కూరలు తడిగా ఉంటాయి కాబట్టి వాటినే కుప్ప పోస్తే గాలి ఆడక కుళ్ళి కంపు కొడతాయి. అందుకని ఒక బకెట్ తిండికి మూడు బుట్టల చొప్పున ఎండిన కానుగ, వేప ఆకులు పరిచి, పొరలు పొరలుగా వేస్తారు. కర్బనం, నత్రజని 30కి 1 నిష్పత్తిలో ఉండాలని పుస్తకాల్లో చదువుకున్న నేను, ఆ బుట్టల లెక్క దానికి దగ్గరగా కుదిరేలా ఎవరు చెప్పారని అడిగితే, వాసన రాకుండా ఉండేదాకా ఆకు కలుపుతూ పోతే అదే తెలిసిందన్నారు. కుప్పలో ఒక ఇనుప చువ్వ గుచ్చి ఉంటుంది. దాన్ని పైకి లాగి పట్టుకుంటే, చేయి నిలవనంత వేడిగా ఉంటే కుప్ప పనిచేస్తున్నట్టు, గోరువెచ్చగా ఉంటే తిరగదోడే వేళ అయినట్టు. నేను పట్టుకుని వెంటనే వదిలేశాను. అంతకు ముందు ఇవే ఆకులను ఊడ్చి రోడ్ల పక్కన కాల్చేవారు, ఉదయపు నడకకు వచ్చేవారంతా దగ్గుకుంటూ పోయేవారు.

ఈ ఎరువును 5 కిలోల సంచి 50 రూపాయలకు అమ్ముతారు. నల్లగా, పొడిపొడిగా, వాన పడ్డ మట్టి వాసనతో ఉంటుంది. కొనేవారికి ఒక హెచ్చరిక: వండిన తిండితో చేసినది కాబట్టి ఇందులో ఉప్పు ఉంటుంది. మా అమ్మ తులసికోటలో గుప్పెళ్ళకొద్దీ వేస్తే ఆకుల అంచులు మాడిపోయాయి. ఒక పాలు ఎరువుకు నాలుగు పాళ్ళ మట్టి కలిపి వేసినప్పటి నుంచి బంతి, వంకాయ, టమాటా అన్నీ బాగానే వస్తున్నాయి. నేను కొన్న నాలుగు సంచుల్లో ఒకదానిలో వెండిరంగు పొర ముక్కలు దొరికాయి. ఎవరిదో కాగితపు పళ్ళాల విందు తాలూకు చెత్త గుంతలోకి చేరినట్టుంది. కాగితం భాగమంతా మాయమై, ప్లాస్టిక్ పొర ఒక్కటే నలగని రేకులా మిగిలింది. జల్లెడ పట్టిన తర్వాతే సంచుల్లో నింపాలని చెప్పి వచ్చాను.

ఇక నా అసలు ఫిర్యాదుకు వస్తాను. పళ్ళాల బ్యాంకు పనివేళలు ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు, ఆదివారం సెలవు. విద్యార్థుల విందులు జరిగేవే శనివారం రాత్రి, ఆదివారం మధ్యాహ్నం! శుక్రవారం తీసుకుని సోమవారం అప్పగించవలసి రావడంతో మూడు రోజుల అద్దె కట్టాలా అని మొదటిసారి గొడవ పడితే, ఒక్క రోజుకే తీసుకునేలా మార్చారు, అది మెచ్చుకోవలసిన విషయమే. కానీ కార్తీక భోజనం తర్వాత నాలుగు గ్లాసులు తక్కువయ్యాయని డిపాజిట్లో కోత పెట్టారు. మర్నాడు అవే గ్లాసులు వాళ్ళ క్రేటు అడుగున వేరే గ్లాసుల్లో ఇరుక్కుని దొరికాయి. పనిచేసే అక్కే నాకు కబురు చేసింది. అయినా కోసిన డబ్బు వెనక్కి రావడానికి ఆఫీసు చుట్టూ ఐదు సార్లు తిరగవలసి వచ్చింది, ఎందుకంటే రసీదు ఇచ్చేది ఒకరు, డబ్బు ఇచ్చేది మరొకరు. పరీక్షల కాలంలో బ్యాంకును పూర్తిగా మూసేయడం కూడా నాకు నచ్చలేదు. రిజిస్టరు చూసే విద్యార్థి వాలంటీర్లు చదువుకోవాలి, నిజమే, కానీ సీనియర్లకు ఇచ్చే వీడ్కోలు విందులన్నీ పరీక్షలకు అటూఇటూనే ఉంటాయి. అక్కడున్న ఇద్దరు పనివాళ్ళలో ఒకరికి రిజిస్టరు అప్పగిస్తే తీరిపోయే చిక్కు ఇది.

మొత్తం మీద పళ్ళాల బ్యాంకుకు ఐదింటికి నాలుగు, ఎరువుకు నాలుగున్నర, ఇంకుడు గుంతకు ఒకటి ఇస్తాను. సోలార్ హీటర్‌కు ఇవ్వడానికి అక్కడ హీటరే లేదు. పళ్ళాలు తీసుకునేవారు శుక్రవారం ఉదయం 11 లోపు వెళ్తే మంచి క్రేట్లు దొరుకుతాయి. గ్లాసులను వాళ్ళ ఎదుటే ఒక్కొక్కటీ విడదీసి లెక్క పెట్టించుకోండి, తిరిగి ఇచ్చేటప్పుడూ అలాగే చేయండి. మెతుకులు తుడిచే బకెట్ ఒకటి వడ్డన దగ్గరే పెట్టుకుంటే ఆ అక్క చేత నేను పడ్డట్టు మాట పడకుండా ఉంటారు. ఎరువు కోసమైతే గోనెసంచి మీరే తీసుకుపోండి, సంచికి 5 రూపాయలు తగ్గిస్తారు.