సైకిల్ ట్రాక్‌తో ప్రమాదాలు తగ్గాయా? తేల్చడానికి ఏ పద్ధతి మేలు?

ట్రాన్స్‌పోర్టేషన్ ఎం.టెక్ విద్యార్థులు థీసిస్ మొదలుపెట్టేటప్పుడు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. ట్రాక్ ఉన్న రోడ్డును లేని రోడ్డుతో పోల్చాలా, ట్రాక్ వేయకముందు లెక్కనూ వేశాక లెక్కనూ పోల్చాలా, లేక గాయపడ్డవాళ్లు వచ్చిన దారినే పరిశీలించాలా?

మూడింట్లోనూ చిక్కు హారం దగ్గరే, అంటే ప్రమాదాల సంఖ్యను దేంతో భాగించాలన్న దగ్గరే. ఎన్ని ప్రమాదాలో రికార్డులు చెబుతాయి. ఎన్ని సైకిళ్లు తిరిగాయో ఎవరు చెబుతారు? సైకిళ్లు రెట్టింపై ప్రమాదాలు అన్నే ఉంటే రిస్కు సగమైనట్టే కదా.

రోడ్డుకు రోడ్డు పోలిక సులువు. మాంట్రియల్‌లో ఆరు ట్రాకులను వాటికి తగిన వీధులతో పోల్చిన 2011 అధ్యయనంలో ట్రాకుల మీద రెండున్నర రెట్ల మంది తొక్కారు, గాయాల రేటు 28 శాతం తక్కువ. అయితే పోలికకు వేరే వీధిని ఎంచుకుంటే అంకె మారిపోతుంది. ఈ పద్ధతికి అదే బలహీనత.

ముందు-తర్వాత పోలికలో ఇంకో ఉచ్చు ఉంది. ప్రమాదాలు బాగా పెరిగిన ఏడాది చూసి ట్రాక్ వేస్తారు. ఏమీ చేయకపోయినా మరుసటి ఏడాది అవి కొంత తగ్గేవే. కనీసం అటు మూడేళ్లు, ఇటు మూడేళ్ల డేటా, ట్రాక్ పడని రోడ్ల గుంపు, ఆ ఏడాది హెచ్చుతగ్గులను సరిచేసే ఎంపిరికల్ బేయెస్ అనే గణాంక సవరణ లేకుండా దీని జోలికి వెళ్లొద్దు. అవన్నీ ఉంటే మాత్రం ప్రమాదం ఎక్కణ్నుంచి ఎక్కడికి జరిగిందో చూపిస్తుంది. కోపెన్‌హాగెన్‌లో ట్రాకులు వేశాక కూడళ్ల మధ్య ప్రమాదాలు తగ్గాయి, కూడళ్లలో పెరిగాయి. పార్కింగ్ తీసేసిన చోట కార్లు పక్క వీధుల్లోకి తిరగడం పెరగడం ఒక కారణం.

నా ఓటు మూడోదానికి, కేస్-క్రాసోవర్‌కు. మన నగరాల్లో రోడ్డువారీగా ఏళ్ల తరబడి సైకిళ్ల లెక్క దొరకదు. దీనికి ఆ లెక్కే అక్కర్లేదు. కెనడా పరిశోధకురాలు కే టెష్కే బృందం టొరంటో, వాంకూవర్ ఆసుపత్రుల ద్వారా 690 మంది గాయపడ్డవాళ్లతో చేసి 2012లో ప్రచురించింది. మనిషి, వాతావరణం, సైకిల్ అన్నీ అవే. దెబ్బ తగిలిన చోటును అదే ప్రయాణంలోని మరో చోటుతో పోలుస్తారు.

పోలికకు తీసుకునే ఆ మరో చోటును, అంటే కంట్రోల్ చోటును, గాయపడ్డ మనిషి ఎంచకూడదు. ప్రయాణ దూరాన్ని 0, 1 మధ్య ఒక ర్యాండమ్ సంఖ్యతో గుణించి తేల్చాలి. ప్రయాణం 6.2 కిలోమీటర్లు, ర్యాండమ్ సంఖ్య 0.37 అయితే బయల్దేరిన చోటు నుంచి 2.29 కిలోమీటర్ల దగ్గర. దారి పొడవులో కూడళ్ల వాటా చిన్నది కాబట్టి, దెబ్బ కూడలిలో తగిలితే రెండో కంట్రోల్‌గా మరో కూడలిని తీసుకోవాలి. కొలవడానికి వెళ్లేవాళ్లకు ఏది ప్రమాద స్థలమో తెలియకూడదు. ట్రాఫిక్ అదే గంటలో చూడాలి.

రెండు చోట్లా ఒకే రకం రోడ్డున్న జంటలు లెక్కలోకి రావు. 200 మందిలో 180 మందికి అలాగే అయితే మిగిలేది 20 జంటలు. వాటిలో ట్రాక్ దెబ్బ తగిలిన చోట ఉన్నవి 4, కంట్రోల్ చోట ఉన్నవి 16 అయితే ఆడ్స్ రేషియో (ట్రాక్ మీద రిస్కు ఎన్నో వంతో చెప్పే నిష్పత్తి) 4/16, అంటే 0.25. ట్రాకులు అరుదైన ఊళ్లో ఇక్కడే చతికిలబడతాం. కెనడా అధ్యయనంలోనూ, పార్కింగ్ ఉండి సైకిల్ సదుపాయం లేని పెద్ద రోడ్లతో పోలిస్తే ట్రాకుల రిస్కు తొమ్మిదో వంతని తేలినా, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఉండగల హద్దులు) 0.02 నుంచి 0.54 దాకా సాగింది. చనిపోయినవాళ్లూ, తలకు దెబ్బ తగిలి దారి మరిచినవాళ్లూ ఇందులోకి రారు. ట్రాక్ వల్ల తొక్కేవాళ్లు పెరిగారా అన్నదీ ఇది చెప్పలేదు. దానికి విడిగా కౌంట్లు కావాలి.

సర్వేల్లో భయం ఎంతో తెలుస్తుంది, గాయాలు తెలియవు. సైకిల్ ప్రయాణాలను నమోదు చేసే స్ట్రావా యాప్ డేటాలో కూలి పనికి సైకిల్ మీద వెళ్లేవాళ్లు దాదాపు కనిపించరు.

క్యాజువాలిటీ రిజిస్టర్‌లో చాలాసార్లు ‘ఆర్‌టీఏ’ (రోడ్డు ప్రమాదం) అని మాత్రమే ఉంటుంది, సైకిలో బైకో తెలియదు. అందుకే ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, గాయపడ్డవాళ్లను కొద్ది రోజుల్లోనే కలవాలి. మ్యాప్ చూపించి దారి గీయమంటే చాలామందికి తోచదు. గుడి, సిగ్నల్, బస్టాప్ వరసగా అడుగుతూ మీరే గీయండి.