కాచిగూడనా నాంపల్లినా, ఏ స్టేషన్ చూడాలి?

హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు టికెట్ కొని నిజాం కాలం నాటి స్టేషన్ ఒకటి చూడాలంటే నా ఓటు కాచిగూడకే. 1916లో కట్టారు, మధ్యలో పెద్ద గుమ్మటం, పక్కన చిన్నవి, మీనార్లు, బయట ఆటోవాళ్ల గోల మధ్య నిలబడి తలెత్తి చూస్తే ఇది స్టేషనా ప్యాలెస్సా అనిపిస్తది, పైగా ఒకప్పుడు నిజాం రైల్వే హెడ్ క్వార్టర్స్ ఇదే, పరదా పాటించే ఆడవాళ్లకి అప్పట్లో విడిగా ఏర్పాట్లు కూడా ఉండేవట.

నాంపల్లి వయసులో పెద్దది, 1907 నాటిది, కానీ బిల్డింగ్ పరంగా కాచిగూడ ముందు తేలిపోద్ది. టికెట్ మీద మాత్రం దర్జాగా హైదరాబాద్ దక్కన్ అని ఉంటది మరి! లైన్ ఇక్కడే ఆగిపోద్ది, అందుకే వచ్చిన బండి మళ్లీ వెనక్కే పోవాలి. కాచిగూడ అట్లా కాదు, బండి ఆగి ఫలక్‌నుమా వైపు సాగిపోద్ది.

సౌకర్యం అంటారా, అక్కడ నాంపల్లిదే పైచేయి, పక్కనే మెట్రో, నడిచిపోతే పబ్లిక్ గార్డెన్స్, జనవరిలో అయితే నుమాయిష్ ఎగ్జిబిషన్. కాచిగూడలో దిగితే ఆటో బేరం తప్పదు. ఎంఎంటీఎస్ టైమింగ్స్ చూసుకునే బయల్దేరండి, ఒకటి మిస్సయితే తర్వాతది ఎప్పుడో.