మారతహళ్ళిలో ఆస్ట్రేలియా గొర్రె మాంసం

బెంగళూరు మారతహళ్ళిలో మా వీధి చివరి దుకాణంలో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన గొర్రె తొడ మాంసం దొరుకుతోంది. లేత పొట్టేలు మాంసానికి అలవాటుపడిన మనకు ఇందులో కొవ్వు ఎక్కువనిపిస్తుంది. అయితే పైన వేలి మందాన పేరుకున్న తెల్లటి పొరను దుకాణదారు అడగకుండానే ఒలిచి, ఎముకతో సహా కూర ముక్కలు కొట్టి ఇస్తారు.

ఈ మాంసం వెనుక ఒక ఖండపు పశుసంపదలో వచ్చిన పెద్ద మార్పు ఉంది. 1970లో ఆస్ట్రేలియాలో దాదాపు 18 కోట్ల గొర్రెలుండగా, ఇప్పుడు అందులో సగం కూడా లేవు. ఆవులు, ఎద్దుల సంఖ్య ఆ స్థాయిలో పడిపోలేదు కనుక గొర్రెల వాటా బాగా కుదించుకుపోయింది. 1991లో ఉన్నికి కనీస ధర పథకం కుప్పకూలాక చాలామంది రైతులు ఉన్ని కోసం పెంచే మెరినో జాతి గొర్రెల మందలను తగ్గించుకుని పంటలకో పశువులకో మళ్ళారు, మరికొందరు మాంసపు జాతులను చేపట్టారు. ఉన్ని కోసం పెరిగిన మందల దేశం ఇలా మాంసం ఎగుమతిలో ముందుకొచ్చింది. 2022 డిసెంబరులో అమలైన భారత్-ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందంతో మన దగ్గర దీనిపై 30 శాతం సుంకం కూడా తొలగింది.

గోంగూర మాంసానికి ఇది చక్కగా కుదురుతుంది, పులుపు కొవ్వును విరుస్తుంది. తలకాయ, కాళ్ళ పులుసు కావాలంటే మాత్రం స్థానిక పొట్టేలే మేలు. గడ్డకట్టిన సరుకును తాజాదని చెప్పకుండా, పెట్టె మీది తేదీ చూపించి అమ్మడం ఈ దుకాణంలో నాకు బాగా నచ్చింది.