అమ్మ ప్లేయర్‌లో ఆడే డిస్కు కోసం: నేను కొన్న డీవీడీ రైటర్

నాన్న షష్టిపూర్తి 2007లో చేశాం. మినీడీవీ అనే చిన్న వీడియో క్యాసెట్లలో తీసిన ఆ వీడియోని ఒక స్టూడియో వాళ్లు రెండు డీవీడీల్లో వేసి ఇచ్చారు. మొన్న దసరాకి అమ్మ చూస్తానంటే బయటకు తీశాను. విశాఖ పెదవాల్తేరులో మా ఇల్లు బీచ్‌కి దగ్గర. ఉప్పుగాలికి కిటికీ ఊచలే తుప్పు పట్టిపోతాయి, ఇక డిస్కులెంత! ఒకదాని వెనక అంచు చుట్టూ మీగడ కట్టినట్టు తెల్లటి మరక. రెండోది నాన్న రెండోసారి తాళి కట్టే దగ్గర గళ్లు గళ్లుగా విడిపోయి ఆగిపోయింది. అమ్మ ముఖం చూడలేకపోయాను.

అదృష్టం కొద్దీ క్యాసెట్లు బీరువాలో భద్రంగా ఉన్నాయి. తెలిసినవాళ్ల కెమెరా, ఫైర్‌వైర్ (కెమెరా నుంచి వీడియో ఎక్కించే పాత రకం పోర్టు) ఉన్న పాత కంప్యూటర్ అడిగి తెచ్చుకుని ఎక్కించాను. గంట వీడియోకి దాదాపు 13 జీబీ అయింది.

డాబాగార్డెన్స్‌లో యూఎస్‌బీతో నడిచే సన్నటి రైటర్ కొన్నాను. వేరే అడాప్టర్ అక్కర్లేదు. మొదట యూఎస్‌బీ హబ్‌కి తగిలిస్తే కరెంటు చాలక రెండు డిస్కులు మధ్యలోనే పోయాయి. నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టాక మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు. కేబుల్ మాత్రం మరీ పొట్టి.

అసలు టెన్షన్ పెట్టింది డిస్కు. ఖాళీ డిస్కుల్లో డీవీడీ మైనస్ ఆర్, ప్లస్ ఆర్ అని రెండు రకాలు. రెండూ ఒకే ధర, చూడ్డానికీ ఒకేలా ఉంటాయి. కంప్యూటర్‌కి ఏదైనా ఒకటే. అమ్మ ప్లేయర్ మాత్రం ప్లస్ పెడితే డిస్కే లేదంది, మైనస్ పెట్టగానే అందుకుంది. పాత ప్లేయర్లకి మైనస్సే ఎక్కువగా పడుతుంది. ఇంకో సంగతి, ఎంపీ4 ఫైలుని ఉన్నదున్నట్టు డిస్కులో వేస్తే అలాంటి ప్లేయర్ దాన్ని గుర్తుపట్టదు. డీవీడీ ప్లేయర్లు చదివే ఎంపెగ్ 2 రకంలోకి మార్చి, మన టీవీల పాల్ పద్ధతిలో 720 బై 576 సైజులో, అసలైన డీవీడీ వీడియోగా తయారు చేయాలి. ఆ పని ఉచితంగా దొరికే డీవీడీ స్టైలర్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేశాను.

డిస్కు మీద 4.7 జీబీ అని ఉన్నా కంప్యూటర్ లెక్కలో 4.38 జీబీయే. గంట వీడియోని 8 ఎంబీపీఎస్‌లో (సెకనుకి 8 మెగాబిట్లు) పెడితే హాయిగా సరిపోతుంది. రెండు గంటలు కుక్కి చూశాను. అందరూ ఒక్కసారిగా అక్షింతలు వేసే చోట బొమ్మంతా మసక మసకగా చెదిరిపోయింది. ఆ గింజలు గింజలుగా రాలడమే కదా మనకి కావాల్సింది! అందుకే డిస్కుకి గంటే. 8.5 జీబీ పట్టే డ్యూయల్ లేయర్ (రెండు పొరల) డిస్కుల జోలికి పోలేదు, పాత ప్లేయర్లు వాటి దగ్గర మొరాయిస్తాయి.

రైటర్ 8 ఎక్స్ వేగం వరకూ రాస్తుంది, నేను నెమ్మదిగా 4 ఎక్స్‌లోనే రాశాను. నిండు డిస్కుకి పావుగంట. ప్లేయర్లు చదవగలిగేలా ఫైనలైజ్ చేసి (డిస్కుని ముగించి), సరిగ్గా రాసిందో లేదో చూసే వెరిఫై కూడా పెట్టాను. డిస్కులు వెర్బాటిమ్‌వి, వెనక నీలంగా ఉంటాయి. వాటి మీద స్టిక్కర్ అంటించకండి, మెత్తటి మార్కర్‌తో రాయండి.

మామూలు డిస్కుల్లో డేటాని పట్టుకునేది రంగు పొర. ఎండ, వేడి, చెమ్మ దాన్ని దెబ్బతీస్తాయి. మన విశాఖలో చెమ్మకి కొదవేముంది? దాచిపెట్టే సెట్ కోసం ఎం డిస్క్‌లు అనే ప్రత్యేక రకం డిస్కులు ఆన్‌లైన్‌లో తెప్పించాను. వాటిలో ఆ రంగు పొర ఉండదు. రైటర్ మీద ఎం డిస్క్ గుర్తు ఉంటేనే అవి రాయగలం, కొనేముందు అది చూసుకోండి. క్యాసెట్ల నుంచి ఎక్కించిన అసలు ఫైళ్లు విడిగా హార్డ్ డిస్కులో ఉంచాను.

రైటర్‌కి 5కి 4 మార్కులు.

మొన్న ఆదివారం అమ్మ రిమోట్ పట్టుకుని కూర్చుంది. “కాస్త ఆగండి, పెద్దమ్మాయి ఇంకా రాలేదు” అని నాన్న పురోహితుడితో అనే చోట వెనక్కి తిప్పి మూడుసార్లు వింది. ఆ పెద్దమ్మాయిని నేనే. చెల్లెలికి పంపే సెట్‌కి కూడా మైనస్ డిస్కులే తెచ్చాను.